షుగర్ టెస్ట్ 30 దాటాకేనా? జనగామ, మానుకోట, భూపాలపల్లి కాలేజీ స్టూడెంట్స్ మిస్సవుతున్న లెక్క ఇదే..

ఇంట్లో నాన్నకు షుగర్. అమ్మకు బీపీ. ఆశా వర్కర్, ఏఎన్ఎం ఇంటికి వస్తే ఇద్దరి పేర్లూ రాసుకుంటారు, వేలు గుచ్చి షుగర్ చూస్తారు, గోళీలు సరిగ్గా వేసుకుంటున్నారా అని అడుగుతారు. పక్కనే మంచం మీద ఫోన్ చూస్తూ కూర్చున్న డిగ్రీ సెకండియర్ కొడుకును మాత్రం ఎవరూ ఏమీ అడగరు. అది వాళ్ల తప్పేం కాదు. వాళ్ల లిస్టులో ఆ వయసే లేదు.

దేశంలో షుగర్, బీపీ లాంటి జబ్బుల కోసం చేసే సర్కారు స్క్రీనింగ్ 30 ఏళ్లు నిండిన వాళ్లకే. 2025లో ఫిబ్రవరి 20 నుంచి మార్చి 31 వరకు కేంద్ర ఆరోగ్య శాఖ ప్రత్యేకంగా నడిపిన డ్రైవ్‌లోనూ అదే రూల్. ఇక స్కూల్ పిల్లల ఆరోగ్యం చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే ఆర్‌బీఎస్‌కే టీములు 18 ఏళ్ల దగ్గరే ఆగిపోతాయి. మరి 18కి, 30కి మధ్య? ఇంటర్ అయిపోయి డిగ్రీ, బీటెక్, నర్సింగ్, ఎంబీబీఎస్, పీజీ చదివే వయసు మొత్తం అక్కడే ఉంది. ఆ పన్నెండేళ్లలో ఎవరైనా షుగర్ చూపించుకున్నారంటే అది సొంతంగా చూపించుకున్నదో, జ్వరం వచ్చి ఆస్పత్రికి వెళ్తే పనిలో పనిగా బయటపడిందో అయి ఉంటుంది.

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి.. ఈ మూడూ 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడిపోయిన జిల్లాలే. ఇక్కడి పిల్లలు చదువు కోసం ఇంటి దగ్గరి కాలేజీలో చేరతారు, లేదంటే హనుమకొండ, వరంగల్, హైదరాబాద్ దారి పడతారు. ఇప్పుడు మూడు జిల్లాల్లోనూ గవర్నమెంట్ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మహబూబాబాద్‌ది 2022 నవంబర్‌లో, జనగామ, భూపాలపల్లివి 2023 సెప్టెంబర్‌లో మొదలయ్యాయి. అంటే షుగర్ గురించి చదివే స్టూడెంట్లు కూడా ఇక్కడే ఉన్నారు. ఎంబీబీఎస్ పిల్లలు కోర్సులో భాగంగా ఊళ్లలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, వాళ్ల ఆరోగ్యం ఎలా ఉందో చూస్తూ ఉండాలి. మరి ఆ స్టూడెంట్ తన షుగర్ ఎప్పుడు చూసుకున్నాడు? అది అడిగే రిజిస్టర్ ఎక్కడా లేదు.

20 ఏళ్లకే షుగర్ ఏంటి అంటారా..?

చాలామంది ఇళ్లలో వినిపించే మాటే ఇది. "ఈ వయసులో రాళ్లు తిన్నా అరుగుతాయి" అంటారు. అరుగుతాయి, నిజమే. అరిగాక రక్తంలోకి వచ్చిన గ్లూకోజ్ ఎక్కడికి పోవాలన్నదే అసలు సమస్య.

మన ఒంట్లో 5 లీటర్ల దాకా రక్తం ఉంటుంది. షుగర్ నార్మల్‌గా ఉన్న మనిషిలో ఆ రక్తం మొత్తంలో కలిపి ఉండే గ్లూకోజ్ ఎంతో తెలుసా? సుమారు 4, 5 గ్రాములు. ఒక్క టీ స్పూన్ అన్నమాట! ఇప్పుడు బస్టాండ్‌లో తాగే చిన్న కూల్ డ్రింక్ బాటిల్ చూడండి. మామూలుగా 100 ఎంఎల్‌కు 10, 11 గ్రాముల చక్కెర ఉంటుంది కాబట్టి, 250 ఎంఎల్ బాటిల్‌లో 25 గ్రాములు దాటుతుంది. రక్తంలో ఉన్నదానికి ఐదారు రెట్లు ఒక్క బాటిల్‌తోనే లోపలికి వెళ్తోంది. ప్లేట్ నిండా పెట్టుకున్న అన్నం కూడా చివరికి గ్లూకోజే అవుతుంది. వండిన అన్నం 100 గ్రాముల్లో దాదాపు 28 గ్రాముల పిండి పదార్థం ఉంటుంది.

ఇదంతా రక్తంలోనే ఉండిపోతే ప్రమాదం. అందుకే క్లోమం నుంచి ఇన్సులిన్ వస్తుంది. కండరాల తలుపులు తెరిచి గ్లూకోజ్‌ను లోపలికి పంపుతుంది. తిన్న తర్వాత వచ్చే గ్లూకోజ్‌లో ఎక్కువ భాగాన్ని వాడుకునేది, దాచుకునేది కండరాలే. ఆ కండరాలకు పని లేకపోతే, లివర్ చుట్టూ, పొట్ట లోపల కొవ్వు పేరుకుపోతే తలుపులు సరిగ్గా తెరుచుకోవు. అప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్ పంపుతుంది. ఇలా కొన్నేళ్లు నడుస్తుంది. ఆ ఏళ్లలో రిపోర్ట్ నార్మల్‌గానే వస్తుంది! క్లోమం అలసిపోయాకే నంబర్ పెరుగుతుంది. 35 ఏళ్లకు బయటపడే షుగర్ చాలామందిలో కాలేజీ రోజుల్లోనే మొదలైందంటే ఆశ్చర్యం లేదు.

చిన్న వయసులో వస్తే తేలిగ్గా పోతుందని అనుకోవద్దు. అది రివర్స్. 2023లో లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రైనాలజీ జర్నల్‌లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం 30 ఏళ్ల వయసులో షుగర్ బయటపడ్డ వాళ్లు, షుగర్ లేనివాళ్ల కంటే సగటున 14 ఏళ్ల ముందే చనిపోయే అవకాశం ఉంది. అదే 50 ఏళ్లకు బయటపడితే ఆ తేడా 6 ఏళ్లే. ఈ లెక్క అమెరికా మరణాల రేటు మీద వేసింది. అమెరికాలోనే టీనేజ్‌లో టైప్ 2 వచ్చిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన టుడే స్టడీలో ఇంకో విషయం తేలింది. వాళ్ల సగటు వయసు 26 దాటేసరికి 60 శాతం మందికి కన్ను, కిడ్నీ, నరాల్లో ఏదో ఒకచోట దెబ్బ కనిపించింది. 26 ఏళ్లంటే మన దగ్గర పీజీ అయిపోయి గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యే వయసు.

ప్లేట్ అదే.. పని మారింది

షుగర్ సిటీ జబ్బు అనే మాట ఇప్పుడు సగమే నిజం. ఐసీఎంఆర్, మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ కలిసి దేశమంతా 20 ఏళ్లు దాటిన లక్షా 13 వేల మందిని పరీక్షించి 2023లో ఫలితాలు ఇచ్చాయి. దేశంలో 10 కోట్లకు పైగా షుగర్ పేషెంట్లు ఉన్నారని, మరో 13.6 కోట్ల మంది ప్రీ డయాబెటిస్‌లో, అంటే షుగర్ గడప మీద ఉన్నారని అంచనా వేసింది ఆ సర్వేనే. పట్టణాల్లో షుగర్ 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం. ఇక్కడిదాకా అందరికీ తెలిసిందే. కానీ ప్రీ డయాబెటిస్ దగ్గరికి వచ్చేసరికి పల్లె, పట్నం తేడా దాదాపు మాయమైంది. రెండు చోట్లా 15 శాతం పైనే. పల్లె కూడా గడప దాకా వచ్చేసింది, ఇంకా లోపలికి అడుగు పెట్టలేదు, అంతే.

ఎందుకిలా? ఈ మూడు జిల్లాల్లో దీనికి జవాబు వెతకడం కష్టమేం కాదు. మానుకోట వైపు మిర్చి చేలో పొద్దంతా వంగి పని చేసిన తండ్రి, భూపాలపల్లిలో సింగరేణి బావిలోకి దిగిన తండ్రి, జనగామ మెట్ట భూమిలో పత్తి ఏరిన తల్లి.. వీళ్లు పళ్లెం నిండా అన్నం తిన్నారు. ఆ అన్నం సాయంత్రానికి చెమటై పోయింది. పిల్లలు చదువుకోవాలని, తమలా కష్టపడొద్దని వాళ్లే కోరుకున్నారు. పిల్లలు చదువుతున్నారు. భూపాలపల్లి నుంచి పరకాల మీదుగా హనుమకొండకు బస్సులో, మానుకోట నుంచి రైల్లో కూర్చుని వెళ్తున్నారు. క్లాసులో కూర్చుంటున్నారు. రూముకు వచ్చి ఫోన్ ముందు కూర్చుంటున్నారు. పళ్లెంలో అన్నం మాత్రం నాన్న తిన్నంతే! పైగా పొద్దున బస్సు దొరకదేమోనని టిఫిన్ మానేసి, పదకొండింటికి మిర్చి బజ్జీ, రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్.

మరో కారణం పుట్టుకతోనే వస్తుంది. సన్నగా ఉన్నాం కదా అని ధీమాగా ఉండే కుర్రాళ్లు ఇది చదవాలి. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్ శాస్త్రవేత్త యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఇద్దరి ఫొటో వేసి ఒక సరదా లెక్క చెప్పారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం బ్రిటన్ ఆయనకు 9.1 శాతం, మన ఆయనకు 21.2 శాతం. చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు. అందుకే మనవాళ్లకు బీఎంఐ 23 దాటితేనే బరువు ఎక్కువ కింద లెక్క. తెల్లవాళ్లకు అది 25.

తల్లి కడుపులో ఉన్నప్పుడు, చిన్నప్పుడు దొరికిన తిండి కూడా ఇందులో లెక్కకు వస్తుంది. దీనికి సాక్ష్యం మన తెలంగాణ పల్లెల్లోనే ఉంది. హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో 1987 నుంచి 1990 దాకా కొన్ని ఊళ్ల గర్భిణులకు, పసిపిల్లలకు అంగన్‌వాడీ నుంచి అదనపు పోషకాహారం అందింది, మిగతా ఊళ్లలో అప్పటికి అందలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ పరీక్షిస్తే, పోషకాహారం దొరికిన ఊళ్ల పిల్లల్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం దాదాపు 20 శాతం తక్కువగా కనిపించింది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది ఈ ఫలితం. అంగన్‌వాడీ గుడ్డు, పప్పు విలువ టెన్త్ క్లాస్ వయసులో రక్త పరీక్షలో కనిపించడం చిన్న విషయం కాదు.

టేపు, అమ్మానాన్నల హిస్టరీ.. ఈ స్కోర్ మీరే వేసుకోవచ్చు

టెస్ట్‌కు వెళ్లాలా వద్దా తేల్చుకోవడానికి రక్తం అక్కర్లేదు. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ 2005లో ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్ అని ఒకటి తయారు చేసింది. మొత్తం 100 మార్కులు. ఇక్కడ మార్కులు ఎంత తక్కువ వస్తే అంత మంచిది.

నడుము కొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉంటే సున్నా. అక్కడి నుంచి పది సెంటీమీటర్ల దాకా ఎక్కువుంటే 10, ఇంకా దాటితే 20. జీన్స్ సైజు చూసి చెప్పొద్దు, అది పొట్ట కింద కట్టేది. చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యలో టేపు పెట్టాలి, ఊపిరి బిగబట్టకూడదు. ఎక్సర్‌సైజ్ లేదు, రోజంతా కూర్చునే పని అయితే 30. బాగా కష్టపడే పనితో పాటు వ్యాయామం కూడా ఉంటే సున్నా, మధ్యలో ఉన్నవాళ్లకు మధ్య మార్కులు. అమ్మానాన్నల్లో ఒకరికి షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20. చివరిది వయసు. 35 లోపు సున్నా, 35 నుంచి 49 దాకా 20, ఆపైన 30. మొత్తం 60, అంతకంటే ఎక్కువ వస్తే రిస్క్ బాగా ఉన్నట్టు. 30 నుంచి 50 దాకా వస్తే మధ్యస్థం.

ఇప్పుడు ఒక కుర్రాడిని ఊహించుకుందాం. నడుము 93 సెంటీమీటర్లు, 10. హాస్టల్, క్లాస్, ఫోన్ తప్ప ఆటా పాటా లేదు, 30. నాన్నకు షుగర్, మరో 10. మొత్తం 50. మధ్యస్థమే కదా అని ఊపిరి పీల్చుకోవచ్చు. కానీ ఈ స్కోర్‌లో వయసు అతనికి డిస్కౌంట్ ఇస్తోంది. ఏ అలవాటూ మారకుండా, ఒక్క కిలో పెరగకుండా అతను 35వ పుట్టినరోజు జరుపుకుంటే చాలు, స్కోర్ 70. అందుకే స్టూడెంట్ వయసులో 50 వస్తే దాన్ని 50గా చూడకూడదు. ఇంకో కోణం కూడా ఉంది. 35 లోపు వాళ్లకు రాగల గరిష్ఠ మార్కులు 70. అందులో అమ్మానాన్నల నుంచి వచ్చే 20 మన చేతుల్లో లేవు. మిగతా 50, అంటే నడుము, కదలిక.. రెండూ మన చేతుల్లోనివే.

టేపు లేకపోతే అద్దం కూడా ఒక మాట చెబుతుంది. మెడ వెనక, చంకల్లో చర్మం మందంగా, మఖమల్ గుడ్డలా నల్లబడటం. చాలామంది దాన్ని మురికి అనుకుని పీచు పెట్టి రుద్దుతారు, క్రీములు కొంటారు. అది ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతోందని చెప్పే గుర్తు కావచ్చు. రుద్దితే పోదు. అమ్మాయిల్లో పీరియడ్స్ తప్పడం, పీసీఓఎస్ ఉన్నా షుగర్ టెస్ట్ చేయించుకోవాల్సిందే. అమ్మ మిమ్మల్ని మోస్తున్నప్పుడు షుగర్ ఉండేదా అనేది కూడా ఒకసారి అడగండి.

రిపోర్ట్‌లో నంబర్ ఎలా చదవాలి?

ఇక్కడే ఎక్కువ గందరగోళం. రాత్రంతా, కనీసం 8 గంటలు ఏమీ తినకుండా పొద్దున తీసిన రక్తంలో గ్లూకోజ్ 100 లోపు ఉంటే నార్మల్. 126, ఆపైన ఉంటే షుగర్. మధ్యలో 100 నుంచి 125 దాకా ప్రీ డయాబెటిస్. ఇది అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ఆ మధ్య గీతను 110 దగ్గర గీస్తుంది. అందుకే 104 వచ్చిన కుర్రాడికి ఒక డాక్టర్ ఏం కాదంటారు, ఇంకో డాక్టర్ జాగ్రత్త అంటారు. ఇద్దరూ తప్పు చెప్పలేదు.

హాస్టల్ పిల్లలకు ఒక మాట. రాత్రి ఒంటిగంటకు బిర్యానీ తిని పొద్దున ఏడింటికి రక్తం ఇస్తే అది ఫాస్టింగ్ కాదు. పొద్దున చాయ్ తాగినా కాదు.

మరి ఫాస్టింగ్ నార్మల్ వస్తే సరిపోతుందా? అన్నిసార్లూ కాదు. ఒంట్లో మొదట దెబ్బతినేది తిన్న తర్వాత వచ్చే గ్లూకోజ్‌ను సర్దుకునే శక్తే కావచ్చు. దాన్ని పట్టుకునే పరీక్ష 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి రెండు గంటల తర్వాత చూసేది. అక్కడ 140 లోపు నార్మల్, 200 దాటితే షుగర్. ఇంట్లో టిఫిన్ తిన్నాక చూసుకునేది ఈ టెస్ట్ కాదు, ఎందుకంటే ఒకరి టిఫిన్ రెండు ఇడ్లీలు, ఇంకొకరిది ఆరు పూరీలు.

మూడోది హెచ్‌బీఏ1సీ. గత రెండు మూడు నెలల సగటు చెప్పేస్తుందని, ఫాస్టింగ్ అక్కర్లేదని ఇది బాగా పాపులర్ అయింది. 5.7 లోపు నార్మల్, 6.5 ఆపైన షుగర్. అయితే ఈ మూడు జిల్లాల్లో ఈ ఒక్క టెస్ట్‌నే నమ్ముకోవడం కష్టం. ఎర్ర రక్తకణానికి గ్లూకోజ్ ఎంత అంటుకుంది అన్నదాన్నే ఈ టెస్ట్ కొలుస్తుంది. రక్తకణంలోనే తేడా ఉంటే కొలత కూడా తేడాగానే వస్తుంది. ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్నవాళ్లలో షుగర్ లేకపోయినా ఇది ఎక్కువ చూపించవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే హాస్టల్‌లో ప్రతి ఇద్దరు అమ్మాయిల్లో ఒకరి రిపోర్ట్ మీద ఈ డౌట్ పడాల్సిందే. మరోవైపు గిరిజన ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ ఉంటే హెచ్‌బీఏ1సీ తప్పుగా, చాలాసార్లు తక్కువగా రావచ్చు. షుగర్ ఉన్నా లేనట్టు కనిపిస్తుంది. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లకు టెస్టులు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు ఉన్న స్టూడెంట్స్ షుగర్ టెస్ట్‌కు వెళ్లినప్పుడు దాన్ని డాక్టర్‌కు చూపించాలి. హెచ్‌బీఏ1సీ, ఫాస్టింగ్ ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తే హిమోగ్లోబిన్ చూడమని అడగడంలో తప్పేమీ లేదు.

ఇక వేలు గుచ్చి చూసే గ్లూకోమీటర్. క్యాంపుల్లో అదే వాడతారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే అది 15 శాతం అటూ ఇటూ చూపించవచ్చు. అసలు 120 ఉన్న మనిషికి మిషన్ 102 చూపించినా, 138 చూపించినా అది పాసైనట్టే లెక్క! జిలేబీ తిన్న చేతులు కడుక్కోకుండా వేలు చాపితే ఇంకా ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి మిషన్ నంబర్ చూసి షుగర్ వచ్చిందని భయపడొద్దు, రాలేదని ధీమా పడొద్దు. ల్యాబ్‌లో నరం నుంచి తీసిన రక్తమే ఫైనల్. అందులో కూడా ఒక చిక్కుంది. మామూలు ట్యూబ్‌లో తీసి గంటలకొద్దీ పక్కన పెడితే రక్తకణాలే గ్లూకోజ్‌ను తినేస్తాయి. గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. ఊళ్లో శాంపిల్ తీసి జిల్లా కేంద్రానికి పంపే చోట బూడిద రంగు మూత ఉన్న ట్యూబ్ వాడారా, ఎంత త్వరగా పంపారు అన్నది అందుకే ముఖ్యం. దాహం, బరువు తగ్గడం లాంటి లక్షణాలేవీ లేనివాళ్లకు ఒక్కసారి ఎక్కువ వస్తే మరోసారి టెస్ట్ చేసి కన్ఫర్మ్ చేసుకుంటారు.

నిద్ర సంగతేంటి?

రాత్రి రెండు దాకా రీల్స్, పొద్దున తొమ్మిదికి క్లాస్. దీనికి, షుగర్‌కు లింక్ ఏంటని అడిగేవాళ్లకు షికాగో యూనివర్సిటీ ప్రయోగం ఒకటి ఉంది. 1999లో లాన్సెట్‌లో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 11 మంది కుర్రాళ్లను ఆరు రాత్రుల పాటు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. ఆ తర్వాత చూస్తే రక్తంలోంచి గ్లూకోజ్ ఖాళీ అయ్యే వేగం నిండా నిద్రపోయినప్పటితో పోలిస్తే దాదాపు 40 శాతం పడిపోయింది. తిండి మార్చలేదు, బరువు పెరగలేదు.. ఆరు రాత్రులే. సెమిస్టర్ ఎగ్జామ్స్ ఎన్ని రాత్రులో లెక్కేసుకోండి. మంచి విషయం ఏంటంటే, నిద్ర మళ్లీ సరిపడా దొరికాక వాళ్లు కోలుకున్నారు.

రోజుకు 70 రూపాయల ప్లేట్‌లో ఏం మార్చగలం?

షుగర్ అనగానే ఓట్స్, కినోవా, అవకాడో అంటూ లిస్టులు వచ్చేస్తాయి. సర్కారు హాస్టల్ పిల్లాడికి అవి చెప్పి లాభం లేదు. తెలంగాణ ప్రభుత్వం డైట్ చార్జీలు పెంచాక ఇంటర్ నుంచి పీజీ దాకా హాస్టల్ స్టూడెంట్‌కు నెలకు 2,100 రూపాయలు. అంతకుముందు 1,500 ఉండేది. రోజుకు 70 రూపాయలు. అందులో పొద్దున టిఫిన్, రెండు పూటలా భోజనం, సాయంత్రం స్నాక్స్. ఆ డబ్బుతో కడుపు నింపాలంటే అన్నమే దిక్కు, అది వంట మనిషి తప్పు కాదు.

అందుకే ఇక్కడ మార్చగలిగింది ప్లేట్‌లో వాటా మాత్రమే. 2025 సెప్టెంబర్ చివర్లో నేచర్ మెడిసిన్ జర్నల్‌లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే విశ్లేషణ ప్రకారం మనవాళ్లు తినే కేలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయి. ఇందులో ఒక మాట చాలా ఇళ్లలో జరిగే పనిని నేరుగా ప్రశ్నిస్తోంది. అన్నం మానేసి అంతే పిండి పదార్థం చపాతీలుగానో, చిరుధాన్యాలుగానో తింటే రిస్క్ తగ్గినట్టు కనిపించలేదు. మొత్తం పిండి పదార్థాన్ని కాస్త తగ్గించి, ఆ కేలరీలను పప్పు, గుడ్డు, చేప, పాల నుంచి తీసుకుంటేనే తగ్గింది. అదీ ఎంత? మొత్తం కేలరీల్లో 5 శాతం మార్చినా తేడా కనిపించింది.

హాస్టల్ భాషలో చెప్పాలంటే.. రెండోసారి అన్నం పెట్టించుకునే బదులు రెండోసారి పప్పు పెట్టించుకోవడం. గుడ్డు పెట్టిన రోజు వదలకపోవడం. ఇంటికి వెళ్లినప్పుడు జొన్న రొట్టె మంచిదే, కానీ నాలుగు రొట్టెలు లాగించి ఆరోగ్యం అనుకుంటే లెక్క తప్పినట్టే. తెలంగాణ సోనా బియ్యం గురించి కూడా ఇదే చెప్పాలి. రాజేంద్రనగర్‌లో తయారైన ఈ ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం గ్లైసిమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉంటుందని, అంటే గ్లూకోజ్‌ను మెల్లగా వదులుతుందని పేరు. అది ఒక కప్పుకు వర్తించే మాట, కుండకు కాదు.

తిన్నాక వెంటనే మంచం ఎక్కకుండా పది పదిహేను నిమిషాలు నడిస్తే కండరాలు ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే కొంత గ్లూకోజ్ లాక్కుంటాయి. మెస్ నుంచి రూముకు తిరిగి వెళ్లే దారిని కాస్త చుట్టు తిప్పుకుంటే సరిపోయే పని ఇది. ఫోన్‌లో మాట్లాడుతూ నడవొచ్చు, ఎలాగూ మాట్లాడతారు కదా.

ప్రీ డయాబెటిస్ వచ్చినంత మాత్రాన షుగర్ ఖాయం కాదు. చెన్నైలో జరిగిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో తిండి, నడక మార్చుకున్న వాళ్లలో షుగర్‌గా మారే అవకాశం 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్న వాళ్లలో తగ్గింది 26.4 శాతం. నడక, మాత్ర దాదాపు సమానంగా పనిచేశాయి. వాళ్లంతా నడి వయసు వాళ్లు. మరి ఇరవై ఏళ్ల వాళ్లకు ఆలస్యం ఇంకా కాలేదు.

హైదరాబాద్ ఐటీ కంపెనీల సంగతి ఇక్కడ గుర్తు చేయాలి. జనగామ, మానుకోట బీటెక్ పిల్లల్లో చాలామంది చూపు అటే కాబట్టి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు ఏఐజీ ఆస్పత్రితో కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు కనిపించింది. ఇన్సులిన్ మాట వినకుండా చేసే కొవ్వుల్లో అదొకటి. కాలేజీలో కుదిరిన కూర్చునే అలవాటు ఉద్యోగంలో జీతంతో పాటు పెరుగుతుంది.

ఇవి కనిపిస్తే మాత్రం ఆగొద్దు

పైన చెప్పుకున్నదంతా మెల్లగా వచ్చే టైప్ 2 గురించి. కాలేజీ వయసులో టైప్ 1 కూడా రావచ్చు. దానికి లావు, తిండి, బద్ధకంతో సంబంధం లేదు. విపరీతమైన దాహం, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవడం, బాగా తింటున్నా వారాల్లోనే బట్టలు వదులయ్యేంత బరువు తగ్గడం దాని గుర్తులు. వాటికి తోడు వాంతులు, కడుపు నొప్పి, నోట్లోంచి పండ్ల వాసన, ఆయాసం వస్తే అది గ్యాస్ ట్రబుల్ కాదు, ఎమర్జెన్సీ. 108కి ఫోన్ చేయాలి. రూమ్మేట్ అలా ఉంటే పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. టైప్ 1 ఉన్నవాళ్లకు ఇన్సులిన్ ఆపేసి ఆకు పసరు, పొడులు ఇచ్చే ప్రయోగం ప్రాణం తీస్తుంది.

మిగతావాళ్లకు తొందరేం లేదు, కానీ వాయిదా కూడా వద్దు. బీఎంఐ 23 దాటి, అమ్మానాన్నల్లో ఒకరికి షుగర్ ఉన్నా, మెడ నల్లబడ్డా, పీసీఓఎస్ ఉన్నా వయసు 20 అయినా సరే ఫాస్టింగ్ టెస్ట్ చేయించుకోవాలి. గవర్నమెంట్ ఆస్పత్రిలో డాక్టర్ రాస్తే దీనికి డబ్బులు కట్టాల్సిన పని లేదు. 30 ఏళ్ల రూల్ ఇంటింటికీ వచ్చి చేసే స్క్రీనింగ్‌కే, ఓపీలో చీటీ తీసుకున్న వాళ్లకు కాదు. నార్మల్ వస్తే మూడేళ్లకోసారి, గడప మీద ఉన్నారని తేలితే ఏడాదికోసారి మళ్లీ చూపించుకోవాలి. డిగ్రీలో చేరినప్పుడు ఒకసారి, పాసై బయటికి వచ్చేటప్పుడు ఒకసారి అనుకుంటే తేదీ గుర్తుపెట్టుకోవడం కూడా ఈజీ.